ఎవరోళ్లు?

మా షాపు హబ్సిగూడలో, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి రెండో గల్లీలో ఉంటుంది. కింద కుట్టు మిషన్లు, పైన మా ఇల్లు. పాతికేళ్లుగా ఈ చుట్టుపక్కల ఆడవాళ్ల కొలతలన్నీ నా పుస్తకాల్లో ఉన్నాయి. ఎవరి పెళ్లి కుదిరిందో, ఎవరిది తప్పిపోయిందో టైలర్‌కి తొందరగా తెలిసిపోతుంది. జాకెట్టు కుట్టడానికి ఇచ్చి, డేట్ దాటినా తీసుకోవడానికి రాకపోతే ఏదో జరిగిందని అర్థం.

ఆ అమ్మాయి కూడా అలాగే రెండు నెలలు రాలేదు.

ఆమెది నైజీరియా. ఇమో రాష్ట్రంలో ఓవెరి అనే పట్నం పక్కన ఊరు. ఇక్కడ ఫార్మసీలో పీజీ చేస్తోంది. మొదటిసారి వచ్చినప్పుడు మా షాపు బోర్డు మీద అడ్రస్ చదివి, "హబ్సి అంటే ఏంటి ఆంటీ?" అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లను వెనకట ఇక్కడ హబ్షీలు అనేవాళ్లని, ఈ పేరు అలాగే వచ్చిందంటారని. మాసాబ్‌ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అని ఒక బస్తీ ఉందని, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని, నిజాం దగ్గర గుర్రాల మీద కాపలా కాసిన ఆఫ్రికా సిపాయిల వారసులు అక్కడ ఇప్పటికీ ఉన్నారని కూడా చెప్పాను. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ల పిల్లల్ని బయటివాళ్లు పెళ్లి చేసుకుంటారా?" అని అడిగింది. ఇదేం ప్రశ్న అనుకున్నాను అప్పుడు.

దసరా ముందు ఒక గుడ్డ పట్టుకొచ్చింది. ముదురు వంకాయ రంగు, దాని మీద బంగారు దారంతో పువ్వులు. వాళ్లమ్మ పంపిందట. "ఇది మీ దేశం గుడ్డే ఆంటీ, మేం జార్జ్ అంటాం" అంది. మద్రాసులోని సెయింట్ జార్జ్ కోట పేరు మీద వచ్చిన పేరట. వాళ్ల ఇగ్బో జాతి ఆడవాళ్లు పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు దీన్నే నడుముకు చుట్టుకుంటారు. మన చీరాల వైపు నేతగాళ్లు నేసిన రుమాళ్లు కూడా ఆ తీరానికి వెళ్లేవని నాకు మా గుడ్డల షాపు సేటు చెప్పాడు. అంతదూరం పోయిన గుడ్డ మళ్లీ నా కటింగ్ టేబుల్ మీదికి వచ్చిందని సంతోషపడ్డాను. అదే గుడ్డల గురించి ఇంకో సంగతి తర్వాత చదివాను. 18వ శతాబ్దంలో యూరప్ ఓడలవాళ్లు పశ్చిమ ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొన్నప్పుడు బదులుగా ఇచ్చిన సరుకుల్లో మన దేశపు నూలు గుడ్డలు పెద్ద వాటా. అందులో మన కోరమాండల్ తీరం నుంచి పోయినవీ ఉన్నాయి. నేసినవాళ్లకు అది ఎక్కడికి పోతుందో తెలిసి ఉండకపోవచ్చు. అయినా ఆ రోజు నుంచి ఆ వంకాయ రంగు గుడ్డను చూసినప్పుడల్లా మనసు ఒకలా ఉండేది.

జాకెట్టు నిశ్చితార్థానికి. లైనింగ్ వేసి, చేతులకు లేసు పెట్టి, పెళ్లి తర్వాత ఒళ్లు వస్తే వదులు చేసుకోవచ్చని లోపల రెండు వైపులా గుడ్డ ఎక్కువ వదిలి కుట్టాను. కుట్టి కవర్లో పెట్టి పేరు రాసి పైన పెట్టాను. దీపావళి అయిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం వచ్చింది. షాపులో నేను, మా కోడలు మాత్రమే ఉన్నాం. మా కోడలు కింద కూర్చొని హుక్కులు కుడుతోంది. "ఆంటీ, ఆ జాకెట్టును మామూలు టాప్‌లా మార్చివ్వగలరా? లేసు తీసేయండి" అంది. నేనేం అడగలేదు. స్టూలు జరిపి కూర్చోమన్నాను. మంచినీళ్లు తాగి తనే చెప్పింది.

అబ్బాయిది ఈమె ఊరికి కొంచెం దూరంలో ఉన్న ఊరే. ఇద్దరూ లాగోస్‌లో చదువుకునేటప్పుడు పరిచయం. అబ్బాయి పెద్దలు పద్ధతిగా ఇంటికి వచ్చారు. ఆ మొదటి రాకను వాళ్లు ఇకు అకా అంటారు, తలుపు తట్టడం అన్నమాట. అంతా బాగానే జరిగింది. ఆ తర్వాత అబ్బాయి వైపువాళ్లు అమ్మాయి ఊరికి మనుషుల్ని పంపి ఆరా తీశారు. పదిహేను రోజులకు ఒక ఫోన్. ఈ సంబంధం మాకు పొసగదు అని. కారణం చెప్పలేదు. ఈమె తల్లిని నిలదీస్తే, ఆమె ఏడుస్తూ ఒక్క మాట చెప్పిందట. మనం ఓసు అని.

ఇరవై ఆరేళ్ల వయసులో, ఇక్కడ తార్నాకలో హాస్టల్ మెట్ల మీద కూర్చొని, ఫోన్లో తెలిసింది ఆమెకు.

ఓసు అంటే దేవుడికి ఇచ్చేసిన మనిషి. వెనకట ఊరికి కీడు తగిలిందనుకుంటే ఒక మనిషిని కొనుక్కొచ్చి దేవత గుడికి అప్పజెప్పేవాళ్లు. కొందరు తమను అమ్మేస్తారనో, చంపుతారనో భయపడి తామే గుడిలోకి పారిపోయేవాళ్లు. గుడి నీడలోకి పోతే ప్రాణం దక్కుతుంది గానీ మళ్లీ అందరిలో ఒకరు కాలేరు. పిల్లలూ, పిల్లల పిల్లలూ ఓసులే. ఆమె చెబుతుంటే నాకు మన జోగినులు గుర్తొచ్చారు. ఇళ్లలో, పొలాల్లో చాకిరి చేసిన బానిసల సంతతిని ఓహు అంటారట. స్వతంత్రులుగా పుట్టినవాళ్లు డియాలా. డియాలా ఇంటి పిల్లను ఓసు ఇంటికి ఇవ్వరు, వాళ్ల పిల్లను తెచ్చుకోరు. మన తాంబూలం ఎలాగో వాళ్లకు కోలా గింజ అలాగ. పెద్దలు కూర్చున్నచోట దాన్ని విరిచి దీవించి అందరికీ పంచుతారు. ఆ గింజను ఓసు చేత విరిపించరు.

"మా నాన్న డాక్టరు ఆంటీ. ఆ ఊళ్లో సగంమందికి ఆయనే మందులు రాశాడు" అంది. అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయట. మిషనరీలు వచ్చినప్పుడు ఊరు వెలివేసినవాళ్లే ముందు చర్చికి, బడికి వెళ్లారు. ముందు చదువుకున్నదీ వాళ్లలో చాలామందే. చదువు వచ్చింది, డబ్బు వచ్చింది, పెద్ద ఇళ్లు కట్టారు. 1956లోనే తూర్పు నైజీరియా శాసనసభ ఓసు పద్ధతిని రద్దు చేస్తూ చట్టం చేసింది. ఇప్పటి రాజ్యాంగం 42వ సెక్షన్‌లో పుట్టుకను బట్టి ఎవరినీ తక్కువ చేయకూడదని రాసి ఉంది. చట్టం ఎవరి నోట్లోంచైనా ఆ మాట రాకుండా ఆపగలదేమో. కానీ ఇక్కడ ఎవరూ ఆ మాట అననే లేదు కదా. పొసగదు అన్నారు, అంతే.

ఆమె చెబుతున్నంతసేపూ నేను చేతిలో టేపు చుట్టి విప్పుతూ ఉన్నాను. నాకు ఆ మాట తెలుసు. మా ఇంట్లో దానికి వేరే పేరు.

మా అమ్మమ్మ ఆడబాప. ఈ మాటను ఇలా రాయడం ఇదే మొదటిసారి. నల్గొండ వైపు దొరల ఇళ్లలో ఆడపిల్లకు పెళ్లి చేసి పంపేటప్పుడు అరణంగా ఇచ్చే వాటిలో ఇత్తడి బిందెలు, ఆవులు, వాటితో పాటు ఒక ఆడపిల్ల కూడా ఉండేది. దొరసానికి నీళ్లు తోడటం, తల దువ్వడం, కాళ్లు పిసకడం నుంచి దొర, దొర ఇంటికి వచ్చిన చుట్టాలు ఏం చెబితే అది చేయడం వరకు ఆ పిల్ల పని. పెళ్లి ఉండదు, పిల్లలు మాత్రం ఉంటారు. ఆ పిల్లలూ గడీలోనే పని చేయాలి. మా అమ్మమ్మను తొమ్మిదేళ్లప్పుడు పంపించారు. మా అమ్మ ఆ గడీలోనే పుట్టింది. తండ్రి ఎవరని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. దొరలకు ఎదురు తిరిగిన సంఘం వచ్చి, గడీలు ఖాళీ అయిన రోజుల్లో అమ్మమ్మ మా అమ్మను చంకన వేసుకొని నడిచి బయటపడింది.

నేను పదహారేళ్లప్పుడు మిషన్ నేర్చుకున్నాను. మొదటి జాకెట్టు అమ్మమ్మకు కుడదామని ముచ్చటపడ్డాను. కొలతలకు టేపు ఆమె ఛాతీ చుట్టూ తిప్పబోతే ఒక్కసారి వణికి, గోడకు జరిగిపోయింది. నేను నవ్వాను, గిలిగింతలు అనుకొని. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నా చేతిలో టేపు లాక్కుంది. "పాత జాకెట్టు ఆది పెట్టి కుట్టు" అంది. అమ్మమ్మ చనిపోయేదాకా ఆది జాకెట్టుతోనే కుట్టాను. ఆమె కుర్చీలో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కరెంటు బిల్లు రాసే అబ్బాయి వచ్చినా లేచి, తల మీద కొంగు సర్దుకొని, పక్కకు ఒదిగి నిలబడేది. అతను వెళ్లేదాకా అలాగే.

1994లో మా చెల్లికి సంబంధం వచ్చింది. అబ్బాయి ఆర్టీసీలో చేసేవాడు. పప్పన్నాలు కూడా తిన్నాం. మధ్యలో ఉన్న ఆయన వారం తర్వాత వచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మం దగ్గర నిలబడి, "వాళ్లు వద్దంటున్నరమ్మా" అన్నాడు. ఎందుకని మా నాన్న అడిగితే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గడీల పుట్టినోళ్లని ఎవరో చెప్పిన్రంట" అన్నాడు. మా అమ్మ లోపలికి వెళ్లి బియ్యం చెరగడం మొదలుపెట్టింది. చెరిగిన బియ్యమే మళ్లీ చెరిగింది. ఆ రాత్రి మమ్మల్ని కూర్చోబెట్టి, ఇకమీదట ఎవరు ఏ ఊరని అడిగినా సూర్యాపేట దిక్కు అని చెప్పండి, ఊరి పేరు చెప్పకండి అంది. ఇన్నేళ్లూ అలాగే చెప్పాం.

ఆ అమ్మాయి వెళ్లిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అబ్బాయిని అడిగి ఫోన్లో చదవడం మొదలుపెట్టాను, వారం రోజులు అదే పని. ఒక్క నైజీరియా సంగతే కాదని తెలిసింది. మౌరిటానియా 1981లో బానిసత్వాన్ని రద్దు చేసింది, ప్రపంచంలో ఆఖరి దేశం అదే. మనిషిని బానిసగా ఉంచుకోవడం నేరమని చట్టం రావడానికి ఇంకో ఇరవై ఆరేళ్లు పట్టింది, 2007. మాలి దేశంలో కాయెస్ అనే ప్రాంతం ఉంది. అక్కడ తాతల కాలంలో బానిసలైనవాళ్ల వారసులను ఇప్పటికీ బానిసలనే పిలుస్తారు. పెళ్లిళ్లకు, చావులకు వచ్చి ఊడిగం చేయాలి. కొన్నేళ్లుగా సొనింకే జనంలో గంబానా అని ఒక ఉద్యమం మొదలైంది, సమానం అని దాని అర్థం. మమ్మల్ని ఆ పేరుతో పిలవొద్దు అన్నారు వాళ్లు. అన్నందుకు బావి దగ్గర నీళ్లు తోడుకోనివ్వలేదు, దుకాణాల్లో సరుకులు అమ్మలేదు, పొలాలు లాక్కున్నారు, ఎన్నో కుటుంబాలు ఊళ్లు విడిచిపెట్టాయి. 2020 సెప్టెంబరులో ఒక ఊళ్లో నలుగురిని కొట్టి చంపారు. అడిగింది ఒక్కటే, పిలుపు మార్చమని.

నైజర్ దేశపు హాదిజాతు మాని గురించి చదివినప్పుడు ఫోన్ పక్కన పెట్టేశాను. పన్నెండేళ్లప్పుడు ఆమెను అమ్మేశారు. అక్కడ వహాయా అని ఒక పద్ధతి, నలుగురు పెళ్లాలున్న ఇంటికి ఐదో పెళ్లాం పేరుతో కొనుక్కొచ్చిన పిల్ల. పెళ్లి జరగదు. పగలు చాకిరి, రాత్రి ఆయన దగ్గరికి. 2003లో నైజర్‌లో కొత్త చట్టం వచ్చాక 2005లో ఆమెను కొన్న యజమాని ఆమెకు విముక్తి కాగితం రాసిచ్చాడు. ఆమె నిజంగానే వెళ్లిపోతానంటే, ఇది నా పెళ్లాం, ఎక్కడికి పోతుంది అన్నాడు. ఆమె తనకు నచ్చినవాడిని పెళ్లి చేసుకుంది. మొగుడుండగా రెండో పెళ్లి చేసుకుందని ఆమెనే జైల్లో పెట్టారు. ఆమె ఊరుకోలేదు. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి అయిన ఎకోవాస్ కోర్టు దాకా వెళ్లింది. 2008 అక్టోబరు 27న ఆ కోర్టు, ఈమెను కాపాడటంలో నైజర్ ప్రభుత్వం విఫలమైందని తీర్పు చెప్పి, కోటి ఫ్రాంకులు ఇమ్మంది. వహాయా అన్న మాట చదవగానే నాకు కళ్ల ముందు కనబడింది గోడకు జరిగిపోయిన మా అమ్మమ్మ. ఆమె ఏ కోర్టుకూ వెళ్లలేదు. నిజాం సర్కారు 1936లో భగేలా మీద, అంటే అప్పు కింద కట్టిపడేసి చేయించుకునే చాకిరి మీద రెగ్యులేషన్ తెచ్చినా, ఢిల్లీలో 1976లో వెట్టి చాకిరి నిర్మూలన చట్టం చేసినా, అందులో ఆమె గురించి ఏదైనా ఉంటుందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఘానాలోని అసాంటే వాళ్ల మాట. ఒకరి పుట్టుపూర్వోత్తరాలు ఇంకొకరు బయటపెట్టకూడదని వాళ్లలో పాత కట్టుబాటు. కొనుక్కొచ్చినవాళ్ల సంతతి కూడా ఇంటివాళ్లలో కలిసిపోవాలని పెట్టుకున్నది. వినగానే ఎంత మంచి మాట అనిపించింది. మన దగ్గరా ఉంది కదా, ఏటి పుట్టుక, రుషి పుట్టుక అడగొద్దని. కానీ బయటపెట్టకూడదంటే ఎవరికో తెలిసే ఉంటుందని అర్థం. కుటుంబంలో ఆస్తి తగాదా వచ్చినా, కులపెద్దగా ఎవరిని ఎన్నుకోవాలన్నా ఆ తెలిసిన సంగతి లోపల్లోపల పని చేస్తూనే ఉంటుందట. మా అమ్మ మాకు చెప్పింది కూడా అదే, ఊరి పేరు చెప్పకండి అని. మేం చెప్పలేదు. చెప్పేవాళ్లు ఎక్కడో ఉండనే ఉన్నారు. మేం దాచుకున్నందువల్ల ఆ మాట వాళ్ల చేతిలో కత్తిలా మిగిలింది.

ఇప్పుడు రాయబోయేది రాయడం కష్టంగా ఉంది. మూడేళ్ల కిందట మా అబ్బాయికి సంబంధాలు చూసినప్పుడు, ఇప్పుడు మా కోడలైన ఈ అమ్మాయిది ఖమ్మం వైపు అని తెలిసి, మా పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. "అన్నా, వాళ్ల అమ్మమ్మ దిక్కు ఎవరోళ్లో జర కనుక్కో" అన్నాను. నేనే అన్నాను. మా చెల్లి మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వకుండా అంగన్‌వాడీ ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోయింది. దాని మొహం నాకు గుర్తుండగానే అన్నాను. అన్న రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "మంచోళ్లే, ఏం లేదు" అన్నాడు. ఏం లేదు అంటే ఏంటో ఇద్దరికీ తెలుసు. ఒకవేళ ఏదైనా ఉంటే నేను ఏం చేసేదాన్నో నిజంగా చెప్పలేను. పొసగదు అనే అనేదాన్నేమో. ఓవెరి దగ్గర ఆ ఊళ్లో ఆరా తీయడానికి వెళ్లిన మనిషి కూడా నాలాంటి తల్లి పంపిన మనిషే అయ్యుంటాడు. ఆమె ఇంట్లో ఏం దాచి ఉందో మరి.

పోయిన శనివారం ఆ అమ్మాయి టాప్ కోసం వచ్చింది. లేసు విప్పేశాను, చేతులు పొట్టిగా చేశాను. కుట్లు విప్పిన చోట సూది రంధ్రాలు సన్నగా కనబడుతున్నాయి, ఇస్త్రీ చేసినా పోలేదు. వేసుకొని అద్దంలో చూసుకుంది. బాగుంది అంది. అబ్బాయి ఫోన్ చేస్తున్నాడా అని అడిగాను. చేస్తున్నాడట, ఏడుస్తున్నాడట, వాళ్లమ్మను ఎదిరించలేనంటున్నాడట. "నేను మాత్రం మా నాన్న ఊరి పేరు దాచను ఆంటీ. మా అమ్మ దాచింది, ఏమైంది?" అంది.

అప్పుడు చెప్పాను నేను. నా వచ్చీరాని ఇంగ్లిష్‌లో, మధ్యమధ్యలో హిందీలో. బిందెలు, ఆవులు, తొమ్మిదేళ్ల పిల్ల. టేపు చూసి వణకడం. ఆమె స్టూలు నా దగ్గరికి లాక్కొని కూర్చుంది. "మీ భాషలో ఏమంటారు?" అని అడిగింది. ఆడబాప అన్నాను. ఆమెకు పలకడం రాలేదు. కొలతల పుస్తకంలో ఆమె పేజీ తీసి తెలుగులో రాసి చూపించాను. దాని పక్కన ఆమె తన మాట రాసింది, పద్నాలుగున్నర అంగుళాల భుజం, ముప్పై ఆరు ఛాతీ అని రాసి ఉన్న అంకెల కింద.

డబ్బులు వద్దంటే వినలేదు, టేబుల్ మీద పెట్టి వెళ్లింది.

మా కోడలు కిందే కూర్చొని ఉంది. హుక్కులు కుట్టడం ఎప్పుడో ఆపేసింది. నేను షటర్ సగం దించి లైట్లు ఆర్పబోతుంటే, "అత్తమ్మా, అమ్మమ్మది ఏ ఊరు?" అని అడిగింది.

సూర్యాపేట దిక్కు అని నోటిదాకా వచ్చింది. ఆగాను. గడీ ఉన్న ఊరు కాకుండా, తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆమె పెరిగిన ఊరు ఒకటి ఉంది. చివరి రోజుల్లో జ్వరంలో పదేపదే అనేది ఆ పేరు. ఆ ఊరి పేరు చెప్పాను.